రెండవ ఇంజను ఎందుకు?

(ప్రసంగ పాఠం)

ఆర్మూరు పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేది పసుపు. నవనాథ సిద్ధుల గుట్ట మీద ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండల క్రింద, ఆ పట్టణం చుట్టూ, మాఘ ఫాల్గుణ మాసాలలో ఏ కళ్ళం చూచినా ఉడికించి ఆరబోసిన పసుపు కొమ్ములే. అట్టి ఊరికి, రెండు ఇంజన్ల విమానాలకు సంబంధమేమని శ్రోతలకు తోచవచ్చును. ఆ సంబంధం నా మేనల్లుని మూలమున ఏర్పడినది.

మా అక్కగారి ఇల్లు ఆర్మూరులో. బావగారిది పసుపు వ్యవసాయం. వారి కుమారునకు చిన్ననాటి నుండి విమానం నడపవలెనన్న కోరిక. ఇంటర్మీడియటులో లెక్కలు, భౌతిక శాస్త్రం చదివినాడు. ఇంటిలో కంప్యూటరు ముందు ఒక చక్రాన్ని, కాలితో త్రొక్కే పెడళ్ళను అమర్చుకొని, ఫ్లైట్ సిమ్యులేటర్ అనబడే అనుకరణ యంత్రంపై సాయంకాలాలు గడుపుచుండును. ఆ యంత్రానికి విడిగా కొని చేర్చుకొనదగిన విమానాలు కలవు. వాటిని యాడ్ ఆన్ విమానాలందురు. పంట అమ్మిన తరువాత తండ్రి ఇచ్చిన సొమ్ముతో అట్టి విమానం ఒకటి కొనదలచినాడు. నేను ఆ ఇంటికి వెళ్ళిన రోజున అతడు నన్ను పట్టుకొన్నాడు.

"మామా, రెండింజన్లది ఒక్కటే కొనేటట్టున్న. ఏది కొనాలె?"

ప్రక్కనే గోనెసంచులు లెక్కపెట్టుచున్న బావగారు తల ఎత్తి, "ఇంట్ల కూసోని తోలేదానికి ఒక్క ఇంజను సాలదా? రెండోది ఎందుకో నువ్వన్న చెప్పు బామ్మర్దీ" అన్నారు.

మేనల్లుని ప్రశ్న కంటె బావగారి ప్రశ్న పెద్దది. రెండవ ఇంజను ఎందుకో తెలిసిన పిమ్మట గాని ఏ విమానం మంచిదో చెప్పుట సాధ్యం కాదు. అది తెలియవలెనన్న తొంభై ఏళ్ళ చరిత్రను ఒకమారు తిరగవేయవలెను.

మన దేశంలో టపా విమానం 1932 అక్టోబరు 15న కరాచీ నుండి బొంబాయికి వచ్చినది. నడిపినవారు జె. ఆర్. డి. టాటా. విమానం పుస్ మాత్, ఒకే ఇంజను గలది. బొంబాయి నుండి ఆ టపాను నెవిల్ విన్సెంట్ అను పైలటు బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినాడు. ఆ ఒక్క ఇంజను నడిమార్గంలో ఆగినచో పైలటు చేయగలిగిన పని ఒక్కటే: క్రింద చదునైన చేను వెదకుకొనుట. ఉత్తరాల సంచులతో ఆ సాహసం చేయవచ్చును. ఇరువదిమంది ప్రయాణికులను ఎక్కించుకొని చేయరాదు.

ఇంచుమించు అదే కాలమున అమెరికాలో ఈ సమస్య మరొక రూపంలో ఎదురైనది. టి. డబ్ల్యు. ఏ. అను విమాన సంస్థకు చెందిన ఫోకర్ విమానం ఒకటి 1931 మార్చి 31న కాన్సస్ రాష్ట్రంలో కూలి, అందున్న ఎనిమిది మందీ మరణించినారు. దానికి మూడు ఇంజన్లున్నవి. కాని రెక్క కొయ్యది. ఇంజన్ల సంఖ్య ఒక్కటే రక్ష కాదని ఆ ఘటన లోకానికి తెలిపినది. కొయ్య రెక్కల విమానాలకు కాలం చెల్లినది. అప్పటికి పోటీ సంస్థ యునైటెడ్, బోయింగు వారి క్రొత్త లోహవిమానాలను మొదటి అరువదింటినీ ముందుగానే కుదుర్చుకొని ఉన్నది. టి. డబ్ల్యు. ఏ. అధికారి జాక్ ఫ్రై గత్యంతరం లేక 1932 ఆగస్టులో విమాన నిర్మాతలకు ఒక లేఖ వ్రాసినాడు. మూడు ఇంజన్ల లోహవిమానం కావలెనన్నది అందలి సారాంశం.

కాలిఫోర్నియాలోని డగ్లస్ సంస్థ ఆ లేఖకు విచిత్రమైన బదులిచ్చినది. మూడు వలదు, బలమైనవి రెండు చాలునన్నది. టి. డబ్ల్యు. ఏ. సలహాదారు ఛార్లెస్ లిండ్‌బర్గు; అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా ఒకే ఇంజనుతో దాటినవాడు. ఇంజను ఆగుటన్న నేమో అతనికంటె ఎక్కువగా ఊహించుకొన్నవాడు ఉండడు. ఆయన పెట్టిన షరతు కఠినమైనది: మా మార్గంలోని ఏ విమానాశ్రయంలో నైనను, నిండు బరువుతో లేచునప్పుడు ఒక ఇంజను ఆగినను, ఈ విమానం రెండవదానితో పైకి పోవలెను.

ఆ మార్గంలో ఎత్తైన తావులలో ఒకటి అరిజోనా రాష్ట్రపు విన్స్‌లో. సముద్రమట్టానికి దాదాపు 5,000 అడుగుల ఎత్తు. ఎత్తున గాలి పలుచన. ఇంజనుకు బలం తక్కువ, రెక్కకు ఊతం తక్కువ. డగ్లస్ వారు నిర్మించిన ఒకే ఒక డి. సి.-1 విమానాన్ని 1933 సెప్టెంబరులో అక్కడికి తీసికొని వచ్చినారు. నేలను విడుచుచుండగా ఒక ఇంజనును ఆపివేసినారు. విమానం కూలలేదు. మెల్లగా పైకెక్కి, రెండువందల మైళ్ళకు పైబడిన దూరంలో నున్న ఆల్బుకెర్కీ నగరం దాక ఆ ఒక్క ఇంజనుతోనే పోయినది.

ఒక విమానాన్ని కొనుటకు ముందు దాని ఇంజనును ఆపి చూచుట, ఇది ఆ దినమున స్థిరపడిన పద్ధతి. ఆర్మూరు రైతులకు ఇది క్రొత్త కాదు. మెరుగు పెట్టిన పసుపు కొమ్ము పైకి ఎంత నిగనిగలాడినను, ఎరిగిన వ్యాపారి దానిని విరిచి లోపలి రంగు చూడనిదే ధర చెప్పడు. డి. సి.-1ను విన్స్‌లో వద్ద విరిచి చూచినారు. లోపలి రంగు బాగున్నది.

ఆ విమానం సంతతిలోనిదే 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన డి. సి.-3. యుద్ధకాలంలో దాని సైనిక రూపం పదివేలకు మించి తయారైనది. బ్రిటిషు వారు దానికి డకోటా అని పేరు పెట్టినారు. మన దేశంలో ఆ పేరే నిలిచినది. రెండు ఇంజన్లు, ఒక్కొక్కటి 1,200 అశ్వబలం గలది. రెక్కల ఈ కొన నుండి ఆ కొనకు 95 అడుగులు. ఇరువదియొక్క మంది ప్రయాణికులకు చోటు. యుద్ధం ముగిసినంతనే అమెరికను సైన్యం వదలిపోయిన డకోటాలు వంగదేశంలోని పానాగఢ్ మొదలైన చోట్ల చవుకగా అమ్ముడైనవి. బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం అట్టి విమానాలను బాగుచేసి ప్రయాణికులకు తగినట్లు మార్చి ఇచ్చినది. ఆనాడు ఇండియాలో విమాన సంస్థ పెట్టదలచినవారు ఏ విమానం ఎన్నుకొనవలెనని పెద్దగా ఆలోచింపవలసిన అవసరం లేకపోయినది. అందరికీ దొరికినది డకోటాయే.

హైదరాబాదులోనూ అట్లే జరిగినది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి దక్కను ఎయిర్‌వేస్‌ను స్థాపించినవి. బేగంపేట దానికి కేంద్రం. యుద్ధకాలంలో వైమానిక దళపు ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచినదీ ఆ బేగంపేటలోనే. దక్కను ఎయిర్‌వేస్ డకోటాలు 1946 నుండి ప్రయాణికులను చేరవేసినవి. ఈ సంస్థకే మరొక ఖ్యాతి కలదు. వాణిజ్య విమానచోదక లైసెన్సు పొందిన తొలి భారతీయ మహిళ ప్రేమ్ మాథుర్‌కు 1947లో ఉద్యోగమిచ్చినది హైదరాబాదు వారి దక్కను ఎయిర్‌వేస్. డకోటాలో కుడివైపు ఆసనంలో సహచోదకురాలిగా ఆమె కూర్చున్నది. 1949లో జాతీయ విమానపు పందెంలో గెలిచినది.

మన రేడియోకు దక్కను రేడియో ఎట్లో, మన విమానయానానికి దక్కను ఎయిర్‌వేస్ అట్లు. దక్కను రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసినది. దక్కను ఎయిర్‌వేస్ 1953 ఆగస్టు 1న మరి ఏడు సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనులో కలిసినది. ఆ దినమున కార్పొరేషను చేతికి వచ్చిన 99 విమానాలలో 74 డకోటాలే. అనగా జాతీయ విమానయానం మొత్తం దాదాపుగా ఆ ఒక్క రకం రెండింజన్ల విమానం మీద ఆధారపడి నడిచినది.

ఇంతవరకు చెప్పినది రెండవ ఇంజను కీర్తి. ఇక దాని రెండవ ముఖం చూడవలెను.

1949 జనవరి నుండి రాత్రి టపా విమానాలు నడుచుచుండినవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి ఒక్కొక్క డకోటా రాత్రి బయలుదేరి నడిరేయి నాగపూరు చేరును. అక్కడ సంచులు మార్చుకొని ఎవరి దారిన వారు తెల్లవారునప్పటికి తమ నగరం చేరుదురు. ఈ ఏర్పాటు ప్రపంచంలోనే మెచ్చదగినది. కార్పొరేషను ఏర్పడి నాలుగు నెలలు దాటినది. 1953 డిసెంబరు 12న మద్రాసు డకోటా నాగపూరులో నేలను విడిచిన వెంటనే ఒక ఇంజను బలం కోల్పోయినది. రెండవ ఇంజను ఉన్నది. అయినను విమానం కూలినది. పదమూడు మంది మరణించినారు.

విన్స్‌లో వద్ద ఒక ఇంజనుతో కొండలు దాటిన వంశపు విమానమే నాగపూరు చదునులో ఏల కూలినది? ఈ ప్రశ్నకు బదులు తెలిసినవాడే రెండు ఇంజన్ల విమానాన్ని ఎన్నుకొనగలడు. బావగారికి నేను చెప్పిన మాటలనే ఇక్కడ చెప్పుదును.

రెండింటిలో ఒక ఇంజను ఆగినచో సగం బలం పోవును, సగం మిగులును అని మనకు తోచును. అది పొరబాటు. విమానం గాలిలో నిలిచి ముందుకు పోవుటకే ఇంజన్ల బలంలో పెద్దభాగం ఖర్చగును. ఆ ఖర్చు పోగా మిగిలినదే పైకెక్కుటకు పనికివచ్చును. పసుపు రైతు లెక్క కూడా ఇంతే గదా! విత్తనం, ఎరువు, తవ్వకం, ఉడకబెట్టుట, కూలి, ఇవన్నీ పోగా మిగిలినది లాభం. మార్కెట్టులో క్వింటాలు ధర సగానికి పడినచో రైతు లాభం సగం కాదు, మొత్తం పోవును. కొన్ని ఏళ్ళలో చేతి సొమ్ము కూడ పడును. అట్లే, తేలిక రకపు రెండింజన్ల విమానంలో ఒక ఇంజను ఆగినప్పుడు పైకెక్కు శక్తిలో నూటికి ఎనుబది పాళ్ళు, అంతకు మించి కూడ పోవునని శిక్షకులు చెప్పుదురు. అమెరికాలో చిరకాలం అమలులో నున్న నిబంధనల ప్రకారం 6,000 పౌనులకు మించని, నెమ్మదిగా దిగగల చిన్న విమానం ఒక ఇంజనుతో పైకెక్కి తీరవలెనన్న నియమమే లేదు. ఒక్కొక్కప్పుడు రెండవ ఇంజను చేయగల ఉపకారమెల్ల కూలవలసిన చోటికి చేర్చుటయే అని పైలటులు తమలో తాము చమత్కరించుకొందురు.

ఇది ఒక కష్టం. రెండవ కష్టం పక్కకు లాగుట. జోడెడ్ల బండిలో ఎడమవైపు ఎద్దు నిలిచిపోయి కుడివైపుది నడిచినచో బండి ఎడమకు తిరుగును. విమానమూ అంతే. ఎడమ ఇంజను ఆగినచో ముక్కు ఎడమకు తిరుగును. పైలటు కుడికాలితో చుక్కాని పెడలును బలంగా త్రొక్కి పట్టవలెను. వేగం తగినంత లేనప్పుడు చుక్కానికి గాలిపట్టు చాలదు. అప్పుడు విమానం పక్కకు దొర్లి తలక్రిందులగును. ఆ హద్దు వేగానికి క్రింద, పని చేయుచున్న మంచి ఇంజనే ప్రాణాంతకమగును.

మూడవ కష్టం ఆగిన ఇంజను ప్రొపెల్లరు. అది గాలికి ఊరక తిరుగుచు విమానాన్ని వెనుకకు పట్టును. దాని రేకులను గాలికి అంచు చూపునట్లు త్రిప్పవలెను. దీనిని ఫెదరింగు అందురు. ఏ ఇంజను ఆగినదో సరిగా గుర్తించి, దానినే ఫెదరు చేయవలెను. ఇన్నియు కొన్ని క్షణాలలో, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తున, చీకటిలో.

డకోటా తరువాత వచ్చినవన్నీ ఈ మూడు కష్టాలను తగ్గింపజూచినవే. 1961లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫోకర్ ఫ్రెండ్‌షిప్ విమానాలను తెచ్చినది. అదే ఏట నవంబరు 1న కాన్పూరులో తయారైన ఆవ్రో తొలిసారి ఎగిరినది. ఫోకరుకు రెక్క పైన, ఆవ్రోకు రెక్క క్రింద. రెండింటికీ ఇంజన్లు మాత్రం రోల్స్ రాయిస్ వారి డార్ట్ రకమే. తరువాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండింటినీ నడిపినది. మన కాలంలో ఆ స్థానం ఏ. టి. ఆర్. విమానానిది. నిజామాబాదుకు పొరుగున నున్న నాందేడు నుండి హైదరాబాదుకు 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం క్రింద ప్రారంభమైన ట్రూజెట్ సర్వీసు ఏ. టి. ఆర్. తోనే నడిచినది, ఆ సంస్థ 2022లో సేవలు నిలిపినది. ఏ. టి. ఆర్. లో ఆగిన ఇంజను ప్రొపెల్లరు తనంతట తానే ఫెదరగును. చోదకుని పని ఒకటి తగ్గినది.

పని తగ్గినదే గాని తెలివి అక్కర తీరలేదు. 2015 ఫిబ్రవరి 4న తైవాను రాజధాని తైపేలో ట్రాన్స్ఏషియా వారి ఏ. టి. ఆర్. నేలను విడిచిన వెంటనే కుడి ఇంజను ప్రొపెల్లరు తనంతట ఫెదరైనది. తొందరలో పైలటు చక్కగా పని చేయుచున్న ఎడమ ఇంజను బలాన్ని తగ్గించి, చివరకు దానినే ఆపివేసినాడు. విమానం వంతెనను రాచుకొని నదిలో పడినది. 58 మందిలో 43 మంది మరణించినారు. రెండు ఇంజన్లున్న విమానంలో చెడినదానిని వదలి మంచిదానిని ఆపుట అనే ప్రమాదం ఒకే ఇంజను విమానానికి లేనేలేదు.

ఇట్టి పొరబాటును నేలపైన చేసి నేర్చుకొనుటకే సిమ్యులేటరు పుట్టినది. దాని పుట్టుక సంగీతప్రియులైన శ్రోతలకు వింతగా నుండును. న్యూయార్కు రాష్ట్రంలో బింగ్‌హాంటన్ పట్టణంలో లింకు కుటుంబానికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారం ఉండెడిది. ఆ ఇంటి కుమారుడు ఎడ్విన్ లింక్ విమానం నేర్చుకొనుటకు చాలినంత సొమ్ము లేక, ఆర్గనులోని తోలుతిత్తులను తీసి ఒక చిన్న పెట్టె క్రింద అమర్చినాడు. మన హార్మోనియంలో గాలినింపు తిత్తి వంటివే అవి. పెట్టెలో కూర్చున్నవాడు కర్ర త్రిప్పినచో తిత్తులు ఉబ్బి, కుంచించుకొని, పెట్టె విమానం వలె అటునిటు ఒరుగును. 1929లో ఇది సిద్ధమైనది. తొలుత కొనినవారు సంతలలో వినోదపు ఆటలు పెట్టేవారు.

1934లో అమెరికా సైనిక వైమానిక దళం టపా చేరవేయు పని చేపట్టినది. చీకటిలో, మంచులో పరికరాలను నమ్మి నడుపుట తెలియని యువకులు కొద్ది వారాలలోనే వరుసగా కూలి మరణించినారు. అప్పుడు గాని సైన్యానికి లింకు పెట్టె గుర్తు రాలేదు. ఆరు పెట్టెలు కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగియునప్పటికి అట్టివి పదివేల దాక తయారైనవి. సంతలోని ఆటబొమ్మ పాఠశాలలో ఆచార్యుడైనది.

ఆకాశంలోనే ఇంజను ఆపి నేర్చుకొనుట ఎంత ప్రమాదమో మన దేశం కూడా చవిచూచినది. బెంగుళూరులో జాతీయ విమానశాస్త్ర ప్రయోగశాల సరస్ అను రెండు ఇంజన్ల చిన్న విమానాన్ని రూపొందించినది. 2009 మార్చి 6న దాని రెండవ నమూనాను బిడది సమీపాన పరీక్షించుచు, ఒక ఇంజనును ఆపి గాలిలో తిరిగి రగిల్చు అభ్యాసంలో, వాయుసేనకు చెందిన ముగ్గురు పరీక్షకులు ప్రాణాలర్పించినారు. ఆ ముగ్గురూ ఆరితేరినవారు.

ఇక ఇంటిలోకి సిమ్యులేటరు వచ్చిన వైనం. ఇలినాయి విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఆర్ట్‌విక్ అను విద్యార్థి 1975లో కంప్యూటరు తెరపై విమానం నుండి కనిపించు దృశ్యాన్ని గీయుటను గూర్చి పరిశోధనా వ్యాసం వ్రాసినాడు. దాని ఆధారంగా చిన్న కంప్యూటరుకు ఒక ఫ్లైట్ సిమ్యులేటర్ చేసినాడు. 1982లో మైక్రోసాఫ్టు సంస్థ దానిని తన పేరున వెలువరించినది. నాటి తెరపై నేల నాలుగు గీతలు, కొండ మూడు గీతలు. 2020 ఆగస్టు 18న వెలువడిన సంచికలో భూగోళమంతయు ఉపగ్రహ ఛాయాచిత్రాల నుండి తీర్చబడి ఉన్నది. అప్పుడు ఆ సంస్థకు అధిపతి, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ. బేగంపేట రన్‌వే ప్రక్కన చదివినవారి ఏలుబడిలో, ఆర్మూరు కుర్రవాడు తన ఇంట కూర్చుండి అదే రన్‌వే నుండి లేచుట సాధ్యమైనది.

ఇప్పుడు ఎన్నిక మాట. 2022 నవంబరులో ఆ సిమ్యులేటరు నలువదేళ్ళ పండుగకు డకోటాను అదనపు ఖర్చు లేకుండ చేర్చినారు. కాబట్టి చరిత్ర మీది మక్కువకు డకోటా చేతిలోనే ఉన్నది. సొమ్ము పెట్టి కొనవలసినది నేర్పునది కావలెను. మేనల్లుని జాబితాలో నాలుగు పేర్లున్నవి: బీచ్‌క్రాఫ్ట్ బేరన్, పైపర్ సెనెకా, డైమండ్ డి. ఏ.-42, ఏ. టి. ఆర్.

ఏ. టి. ఆర్. ను ముందుగా ప్రక్కన పెట్టినాము. అందు కష్టమైన పనులు కొన్ని యంత్రమే చేయును. మొదట నేర్చువాడు ఆ పనులు తన చేతితో చేసి ఉండవలెను. బేరనులో రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిక్కుకు తిరుగును. అందువలన ఎడమ ఇంజను ఆగుట కుడిది ఆగుటకంటె హెచ్చు ప్రమాదం. ఆ భేదం కాళ్ళకు తెలియును. ప్రొపెల్లరు రేకులకు, ఇంధనపు పాలుకు వేరువేరు మీటలుండుట చేత, ఏ మీట ముందు, ఏ మీట తరువాత అన్నది మనస్సుకు పట్టును. సెనెకాలో ప్రొపెల్లర్లు ఎదురెదురు దిక్కులకు తిరుగును గనుక ఏ ఇంజను ఆగినను కష్టం సమానం. డి. ఏ.-42 క్రొత్త కాలపుది. ఒక్కొక్క ఇంజనుకు ఒకటే మీట. ఇంజను ప్రధాన మీటను కట్టివేసినచో రేకులు ఫెదరగును. అమేఠీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడెమీలో విద్యార్థులు రెండింజన్ల విద్య నేర్చునది డి. ఏ.-42 పైననే.

ఇందు ఏది గొప్పదన్న ప్రశ్నకు అర్థం లేదు. నీవు రేపు చేరదలచిన పాఠశాలలో ఏది ఉన్నదో అదే ఇంట ఉండవలెనని అతనికి చెప్పినాను. కాని అదే విమానాన్ని ఒకరికి మించి తయారుచేసి అమ్ముదురు. ఒకరిది పైకి మెరుపు. మరొకరిది లోపల సత్తువ. ప్రకటనలలో అన్నియు మెరుగు పెట్టిన కొమ్ములే. వాటిని విరిచి చూచు ఉపాయం విన్స్‌లో వారు నేర్పినదే.

బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉన్నది. సిమ్యులేటరులో వైశాఖమాసపు ఎండ, 42 డిగ్రీలు పెట్టవలెను. వేడిగాలి పలుచన గనుక ఇది కొండయెత్తుతో సమానం. విమానంలో నిండు బరువు వేయవలెను. చక్రాలు నేలను విడిచిన వెంటనే ఎడమ ఇంజనును ఆపవలెను. అప్పుడు చూడవలసినవి మూడు. ముక్కు వెంటనే ఎడమకు తిరుగుచున్నదా? వేగం హద్దుకు తగ్గనిచ్చినచో దొర్లుచున్నదా? ఫెదరు చేయక మునుపు క్రుంగి, చేసిన పిమ్మట కొంత తేరుకొనుచున్నదా? ఈ మూడూ జరిగినచో ఆ విమానం నిజం చెప్పుచున్నది. ఏమీ జరుగనట్లు హాయిగా మబ్బులలోకి ఎక్కినచో అది ఎంత అందమైనదైనను అబద్ధం చెప్పుచున్నది. రేపు నిజమైన విమానంలో ఆ అబద్ధాన్ని నమ్మిన కాలు కదలదు. ముందే కొన్నవారు ఇట్లు పరీక్షించి చూపించిన చలనచిత్రాలు దొరకును. వాటిని చూచిన తరువాతనే సొమ్ము చెల్లింపుమని చెప్పినాను.

ఒక హెచ్చరిక కూడ చేసినాను. ఇంటి సిమ్యులేటరుపై గడిపిన గంటలు లైసెన్సు లెక్కలోనికి రావు. అందు నడుముకు పట్టు తెలియదు, కాలికి బరువు తెలియదు, ప్రాణభయం తెలియదు. అలవాటు చేయదగినది క్రమం ఒక్కటే: చేయి వేయుటకు ముందు చూచుట, చూచినదానిని పైకి చెప్పుట, తరువాత మీట లాగుట. తైపేలో లోపించినది ఈ క్రమమే.

మేనల్లుడు పది దినాలు విచారించి డి. ఏ.-42ను కొన్నాడు. మరల నేను ఆర్మూరు వెళ్ళినప్పుడు తండ్రిగారి పాత ఖాతా పుస్తకం ఒకటి కంప్యూటరు ప్రక్కన కనబడినది. పూర్వం క్వింటాళ్ళు, ధరలు వ్రాసిన గడులలో ఇప్పుడు తేదీ, ఎండ, బరువు, ఏ ఇంజను ఆగినది, ఏమైనది అని వరుసలు. మొదటి రెండు పుటల నిండ ఎర్రసిరాతో 'కూలినది' అనియే ఉన్నది. మూడవ పుటలో నల్లసిరా మొదలైనది.

బావగారు ఆ పుస్తకాన్ని తీసి చూచి, "ఇన్నిసార్లు కూలగొట్టినవా?" అని కొడుకు నడిగినారు.

"ఈడ కూలితే ఇల్లు కూలదు గద నాయినా" అన్నాడు.

బావగారు కొంతసేపు ఏమీ అనలేదు. ఆర్మూరుకు కూతవేటు దూరంలో నున్న జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కట్టవలెనన్న ప్రతిపాదన చాలకాలంగా ఉన్నది. అది నెరవేరినచో మొదట వచ్చి వాలునది ఏదో ఒక రెండింజన్ల విమానమే కావచ్చును. ఆ మాట నేను అన్నాను. బావగారు కుర్చీ దగ్గరకు లాగుకొని తెర ముందు కూర్చున్నారు.

"ఏదీ, ఎడమది ఆపు. ఏ కాలు తొక్కుతవో సూస్త."